సోలార్ ఇన్వర్టర్ మాటిమాటికీ ‘ఆర్క్ ఫాల్ట్’ అని ఆగిపోతుంటే ఏం చేయాలి?

విశాఖ పెదవాల్తేరులో మా మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ ఉంది. మొన్న మే నెలలో సరిగ్గా ఎండ నెత్తికెక్కే వేళకి ఇన్వర్టర్ ఆగిపోవడం మొదలైంది. పన్నెండింటికి ఫోన్‌లో యాప్ తెరిస్తే ఉత్పత్తి సున్నా, పక్కన ఎర్రక్షరాల్లో ఆర్క్ ఫాల్ట్. కాసేపటికి దానంతట అదే మొదలయ్యేది, ఒంటిగంటకి మళ్లీ ఆగేది. ప్యానెళ్లు బిగించినవాళ్లకి ఫోన్ చేస్తే, “అది ఉత్తుత్తి ట్రిప్ సార్, సెట్టింగ్స్‌లో ఆర్క్‌ని పట్టుకునే ఆప్షన్ తీసేస్తే పోతుంది” అన్నారు. ఎందుకో మనసొప్పక తీయలేదు. తరవాత చూస్తే నాలుగో ప్యానెల్‌కీ ఐదో ప్యానెల్‌కీ మధ్య ఒక కనెక్టర్ లోపల నల్లగా మాడి ఉంది.

ఉత్తుత్తి ట్రిప్పులు ఉండవని కాదు, ఉంటాయి. కానీ ఆ మాట అన్నీ చూశాక చివర్లో అనాల్సింది.

అసలు ఇన్వర్టర్ పట్టుకునేది ఏమిటో తెలిస్తే వెతకడం తేలిక. కాంటాక్ట్ వదులైన చోట కరెంటు గాలిలోంచి దూకితే అది ఆర్క్. ఇంట్లో వాడే ఏసీ కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వచ్చిపోతుంది కాబట్టి ఆ మంటకి ఆరిపోయే వీలుంటుంది. ప్యానెళ్ల నుంచి వచ్చేది డీసీ, దానికి ఆ ఆగడం ఉండదు. ఎండ ఉన్నంతసేపూ మండుతూ, పక్కనున్న ప్లాస్టిక్‌ని కరిగించగలదు. ఇలా మండేటప్పుడు తీగలో ఒక రకం గరగర పుడుతుంది, రేడియోలో స్టేషన్ సరిగ్గా దొరకనప్పుడు వచ్చేలాంటిది. ఇన్వర్టర్ ఆ గరగర కోసం చెవి ఒగ్గి ఉంటుంది. చిక్కేమిటంటే, అలాంటి గరగర వేరే యంత్రాలూ పుట్టించగలవు.

మొదటి పని: మెసేజ్ సరిగ్గా చదవండి

మనవాళ్లు అన్నిటినీ కలిపి ‘ట్రిప్ అవుతోంది’ అనేస్తారు. ఇన్సులేషన్ లేదా ఐసో ఫాల్ట్ అని ఉంటే అది వేరే జబ్బు, తడి వల్లో కేబుల్ తొక్క ఊడటం వల్లో కరెంటు ఎర్త్‌కి కారుతోందని అర్థం. గ్రిడ్ ఓవర్ వోల్టేజ్ అని ఉంటే ఇంట్లో వైరింగ్ చూపించుకుని, కరెంటు సరఫరా చేసే ఈపీడీసీఎల్ వాళ్లతో మాట్లాడాలి. ఆర్క్ అని స్పష్టంగా ఉంటేనే ముందుకెళ్లండి. కొన్ని ఇన్వర్టర్లు వరసగా కొన్నిసార్లు ట్రిప్పయ్యాక లాక్ అయిపోతాయి, మనమే క్లియర్ చేయాలి. కారణం తేలకుండా ఆ బటన్ నొక్కుతూ కూర్చోకండి.

రెండోది: ఒక వారం కాగితం మీద రాయండి

తేదీ, గంట, ఎండా మబ్బా, గాలి ఉందా, ఆ సమయంలో ఇంట్లో ఏం నడుస్తోంది. ఇంతే. నన్నడిగితే ఏ మీటరు కన్నా ఈ కాగితమే ఎక్కువ చెబుతుంది. మిట్ట మధ్యాహ్నమే ఆగుతుంటే, కరెంటు ఎక్కువగా పారేటప్పుడు వేడెక్కే లూజు జాయింట్‌ని అనుమానించాలి. గాలి వీచినప్పుడల్లా ఆగితే వేలాడుతున్న కేబుల్. వాన పడ్డాకో, మంచు కురిసిన పొద్దునో అయితే కనెక్టర్‌లోకి తడి దిగుతోందేమో చూడాలి. నీళ్ల మోటారు వేసిన ప్రతిసారీ ఆగితే మాత్రం బయటి గరగర కావచ్చు.

మూడోది: మేడ ఎక్కి చూడండి, ముట్టుకోకండి

పొద్దున్నే వెళ్లండి. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటే ఎండలో దాదాపు 250 వోల్టులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటుంది. ఇన్వర్టర్ ఆపేసినా, డీసీ ఐసోలేటర్ (ప్యానెళ్ల వైపు కరెంటుని ఆపే స్విచ్) తిప్పేసినా, ప్యానెళ్ల నుంచి ఐసోలేటర్ దాకా ఉన్న తీగలో ఆ వోల్టేజీ ఉంటుంది. కాబట్టి మన పని కళ్లతో చూడటం, ఫోన్‌తో ఫొటోలు తీయడం.

చూడాల్సింది ముఖ్యంగా ఎంసీ4 కనెక్టర్లని, అంటే ప్యానెళ్ల కేబుళ్లని ఒకదానితో ఒకటి కలిపే ప్లగ్గుల్ని. విశాఖలో బీచ్ వైపు ఇళ్లలో గేటుకి ఏటా రంగు వేసినా తుప్పు ఆగదని మనకి తెలుసు కదా, ఆ ఉప్పుగాలే వీటి లోపలికీ పోతుంది. రంగు మారిందా, ఉబ్బిందా, మూత వదులైందా, శ్లాబు మీద నీళ్లు నిలిచే చోట పడి ఉందా చూడండి. జంటలో ఒకటి ఒక కంపెనీదీ రెండోది ఇంకో కంపెనీదీ అయితే అనుమానించాల్సిందే. రెండూ ఒకదానిలో ఒకటి దూరతాయి, టక్కుమని లాక్ కూడా పడతాయి. కానీ లోపలి లోహం కొలతలు అచ్చంగా ఒకటే కావు, కొన్నాళ్లకి వేడెక్కుతాయి. మాది ఇదే కేసు. ప్యానెల్‌తో వచ్చింది ఒక రకం, బిగించేటప్పుడు పెట్టింది ఇంకో రకం. పైగా దాన్ని, తీగని కనెక్టర్ లోహంలో బిగించి నొక్కే క్రింపింగ్ టూల్‌తో కాకుండా కటింగ్ ప్లేయర్‌తో నొక్కేశారు.

తరవాత కేబుళ్లు. ప్యానెళ్లని మోసే జీఐ (ఇనుప) స్ట్రక్చర్ అంచుకి రాసుకుంటున్నాయా? సింహాచలం వైపైతే కోతులు పీకాయా? తెల్ల ప్లాస్టిక్ టైలు ఎండకి పెళుసెక్కి తెగితే కేబుల్ వేలాడి, ప్రతి గాలికీ కనెక్టర్‌ని లాగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లకి గాలి ఏం చేయగలదో నేను చెప్పక్కర్లేదు.

నాలుగోది: ఎలక్ట్రీషియన్‌తో చేయించాల్సినవి

సోలార్ పని తెలిసినవారినే పిలవండి. ముందు ఏసీ బ్రేకర్, తరవాత డీసీ ఐసోలేటర్ ఆపి, తీగ చుట్టూ బిగించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్‌లో (డీసీ కొలిచేది) సున్నా చూశాకే కనెక్టర్ విప్పాలి. కరెంటు పారుతుండగా ఎంసీ4 లాగితే చేతిలోనే ఆర్క్ పుడుతుంది.

మాకు పని సులువైంది థర్మల్ కెమెరాతో. ఎండలో సిస్టమ్ నడుస్తుండగానే దూరం నుంచి చూస్తే, చెడిన కనెక్టర్ మిగతావాటికన్నా వేడిగా కనిపించింది. కెమెరా లేకపోతే డీసీడీబీ (ప్యానెళ్ల తీగలు ఇన్వర్టర్‌కి వెళ్లే ముందు చేరే) పెట్టె, ఐసోలేటర్, ఇన్వర్టర్ టెర్మినళ్లలో స్క్రూలు కంపెనీ చెప్పినంత బిగువుగా ఉన్నాయో లేదో చూసి, ఆ తరవాత ఒక్కో కనెక్టర్‌నీ పరీక్షించాలి. స్ట్రింగులు (సిరీస్‌లో కలిపిన ప్యానెళ్ల వరసలు) రెండుంటే ఇంకో ఉపాయముంది. రెండూ ఒకేలాంటివైతే, ఇన్వర్టర్ దగ్గర వాటి ఇన్‌పుట్‌లు అటూ ఇటూ మార్చి కొన్ని రోజులు చూడండి. ఫాల్ట్ స్ట్రింగ్‌తో పాటు వెళ్తే తప్పు మేడ మీద ఉంది. వెళ్లకుండా అదే ఇన్‌పుట్‌లో ఉండిపోతే ఇన్వర్టర్‌ని అనుమానించాలి.

మాడిన కనెక్టర్‌ని శుభ్రం చేసి మళ్లీ వాడనివ్వకండి. జంటని జంటగా కోసేసి, రెండు వైపులా ఒకే కంపెనీ, ఒకే మోడల్ వేయించండి. కోసిన ముక్కని మీ దగ్గరే ఉంచుకోండి, వారంటీ మాటలప్పుడు అదే సాక్ష్యం.

ఇవన్నీ బాగున్నా ఆగుతుంటే

అప్పుడు ఉత్తుత్తి ట్రిప్ అనొచ్చు. డీసీ కేబుల్, ఏసీ కేబుల్ ఒకే పైపులో వస్తుంటే విడదీయించండి. ప్లస్, మైనస్ తీగలు దూరదూరంగా కాక పక్కపక్కనే నడవాలి, లేకపోతే అవి ఏరియల్‌లా గరగరని లాక్కుంటాయి. దగ్గర్లో ఇంకో ఇన్వర్టరో, డ్రైవ్‌తో (వేగం మార్చే ఎలక్ట్రానిక్ పరికరంతో) నడిచే మోటారో ఉంటే ఒకరోజు ఆపి చూడండి. తరవాత ఇన్వర్టర్ కంపెనీ సర్వీస్‌కి ఆ వారం కాగితం పంపి, కొత్త ఫర్మ్‌వేర్ (ఇన్వర్టర్ లోపలి సాఫ్ట్‌వేర్) ఉందేమో అడగండి. సెన్సిటివిటీ మార్చాల్సి వస్తే వాళ్లే మార్చాలి.

ఆప్షన్ పూర్తిగా ఆఫ్ చేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. రిపేరయ్యాక రెండు వారాలు అదే కాగితం మీద రాస్తూ ఉండండి. మాకు ఆ రెండు వారాల్లో ఒక్కసారీ ఆగలేదు.