మొదటి ఉద్యోగమా? సర్కారు ఇచ్చే రూ.15,000 కావాలంటే చేరే రోజే పీఎఫ్ సంగతి తేల్చుకోండి

ఒంగోలులో మా వీధి నుంచి గుండ్లాపల్లి గ్రోత్ సెంటర్‌కో, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలకో, రొయ్యల ప్లాంట్లకో పనికి పోయే పిలకాయలు చాలామందే ఉన్నారు. ఎవర్ని కదిపినా ఒకటే మాట: "పీఎఫ్ ఎందుకన్నా, చేతికి తక్కువొస్తుంది." నా మొదటి పనిలో నేనూ అదే అన్నాను, ఓనరు సంతోషంగా సరేనన్నాడు, మూడేళ్లు చేసి బయటికొచ్చేసరికి నేను అక్కడ పని చేశానని చెప్పే కాగితం ముక్క కూడా లేదు. అప్పట్లో పోయింది అంతే. ఇప్పుడైతే పీఎఫ్ వద్దంటే దాంతోపాటు ఇంకో నెల జీతం కూడా పోతుంది.

ఎలాగంటే, ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన అని కేంద్రం ఒక పథకం పెట్టింది. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జూలై 31 లోపు మొదటిసారి పీఎఫ్ ఉన్న ఉద్యోగంలో చేరినవాళ్లకి, నెల జీతం లక్ష లోపు ఉంటే, ఒక నెల పీఎఫ్ జీతం అంత డబ్బు ఇస్తారు, గరిష్ఠంగా రూ.15,000. పీఎఫ్ జీతం అంటే మీకు చెప్పిన మొత్తం కాదు, బేసిక్, డీఏ మాత్రమే. అందుకే చేరేటప్పుడు "జీతమెంత" అని అడిగి ఊరుకోకుండా "బేసిక్ ఎంత రాస్తున్నారు" అని కూడా అడగండి.

డబ్బు ఒకేసారి రాదు. ఆరు నెలలు పని చేశాక మొదటి విడత, పన్నెండు నెలలు నిండాక రెండోది. రెండో విడతకి ఒక ఆర్థిక అక్షరాస్యత కోర్సు కూడా పూర్తి చెయ్యాలి. వచ్చేదాంట్లో కొంత భాగాన్ని పొదుపు ఖాతాలో కొన్నాళ్లు ఉంచుతారు, తర్వాత తీసుకోవచ్చు. కాబట్టి నాలుగు నెలలకే సూపర్‌వైజర్‌తో గొడవపడి మానేద్దాం అనిపిస్తే ఇంకో రెండు నెలలు పళ్లు బిగపట్టండి.

ఇక చెయ్యాల్సిన పనులు. ముందు మీ ఆధార్‌కి ఇప్పుడు వాడుతున్న ఫోన్ నంబరే లింకై ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఆధార్ సెంటర్‌కి పోయి మార్పించుకోండి, ఎందుకంటే ఓటీపీ రాకపోతే ఏ పనీ కదలదు. తర్వాత ఉమంగ్ యాప్, దాంతోపాటు ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ వేసుకుని, ఉమంగ్‌లో ఈపీఎఫ్ఓ (పీఎఫ్ చూసే సంస్థ) సర్వీసుల్లోకి పోయి, ముఖం చూపించి యూఏఎన్ (పీఎఫ్ కోసం మీకిచ్చే సొంత నంబర్) తీసుకోవాలి. వెలుతురులో నిలబడండి, లేకపోతే పదిసార్లు ఫెయిలవుతుంది. ఈ పథకానికి ఇలా ముఖంతో తీసుకున్న యూఏఎన్ కావాలి.

బ్యాంకు దగ్గర చాలామంది దెబ్బతింటారు. అకౌంట్‌కి ఆధార్ ఇచ్చాం కదా అనుకుంటారు, అది వేరు. సర్కారు డబ్బు ఆధార్ నంబర్ మీద వస్తుంది, ఆ నంబర్ చివరిగా ఏ బ్యాంకుకి సీడింగ్ (సర్కారు డబ్బు పడేలా లింక్) అయి ఉంటే అందులోకి పోతుంది. మై ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూడండి. ఎప్పుడో స్కాలర్‌షిప్ కోసం తీసి వదిలేసిన అకౌంట్ పేరు కనపడితే టెన్షన్ పడొద్దు, మీరు వాడే బ్యాంకుకి పోయి సీడింగ్ ఫారం ఇస్తే మారుతుంది.

మీరు విడిగా అప్లికేషన్ పెట్టే పని లేదు. ఓనరు నెలనెలా పీఎఫ్‌కి వేసే ఈసీఆర్‌లో (ఎవరి పేరు మీద ఎంత కట్టారో చూపించే నెలవారీ లెక్క) మీ పేరు ఉండాలి, అంతే. ఎవడన్నా ఫోన్ చేసి "పదిహేను వేలు శాంక్షనైంది, ఐదొందలు కట్టండి" అంటే ఫోన్ కట్ చేసేయండి.

ఓనరు పీఎఫ్ పెట్టనంటే? ఇరవై మంది, ఆపైన పనివాళ్లున్న చోట పెట్టి తీరాలి. కాంట్రాక్టర్ కింద చేరినా మీకు పీఎఫ్ ఉంటుంది, అతను కట్టకపోతే అసలు కంపెనీదే బాధ్యత. కానీ కొత్తగా చేరేవాడు చట్టం మాట్లాడితే రేపట్నుంచి రావద్దంటారు, ఆ సంగతి నాకూ తెలుసు. ఓనర్‌కి లాభం చూపించడం మేలు. పీఎఫ్ జీతం రూ.10,000 దాటి రూ.20,000 లోపు ఉన్న ఒక్కో కొత్త మనిషికి నెలకి రూ.2,000 చొప్పున రెండేళ్లు కంపెనీకి ఇస్తారు, తయారీ రంగమైతే నాలుగేళ్లు. రూ.10,000 లోపైతే వెయ్యి వరకు, రూ.20,000 దాటితే రూ.3,000. యాభై మంది లోపున్న చోట కనీసం ఇద్దర్ని, అంతకంటే పెద్దదైతే ఐదుగురిని అదనంగా తీసుకుని ఆరు నెలలు ఉంచాలి. "నన్నూ మా ఫ్రెండునీ ఇద్దర్నీ తీసుకోండి సార్, మీకే నెలకి నాలుగు వేలు" అని అడిగి చూడండి, వింటారు.

లెక్క కూడా చూడండి. బేసిక్ రూ.12,000 అయితే నెలకి మీ జీతంలో రూ.1,440 కోస్తారు, అంతే మొత్తం ఓనరు వేస్తాడు (అందులో ఎక్కువ భాగం పెన్షన్‌కి పోతుంది). ఆ పైన ఏడాదిలో పథకం డబ్బు. కోసిందీ మీ ఖాతాలోనే ఉంటుంది, పైగా వడ్డీ.

ఐటీఐ చేసినవాళ్లు అప్రెంటిస్‌షిప్ కూడా చూడండి, స్టైపెండ్‌లో 25 శాతం, నెలకి రూ.1,500 వరకు, కేంద్రమే మీ అకౌంట్‌లో వేస్తుంది. అప్రెంటిస్‌కి పీఎఫ్ ఉండదు.

చేరిన రెండో నెలలో ఉమంగ్‌లో పాస్‌బుక్ తెరిచి చూడండి. జీతంలో కోసి అక్కడ పడకపోతే పే స్లిప్ దాచుకుని ముందు ఆఫీసులో అడగండి, అప్పటికీ కదలకపోతే పీఎఫ్ ఫిర్యాదుల వెబ్‌సైట్ ఈపీఎఫ్ఐజీఎంఎస్‌లో ఫిర్యాదు పెట్టండి. ప్రతి నెలా 27న పీఎఫ్ వాళ్లు జిల్లాల్లో 'నిధి ఆప్‌కే నికట్' క్యాంపు పెడతారు, ఆధార్, పాస్‌బుక్ ప్రింటు, పే స్లిప్‌లు పట్టుకుని పొద్దున్నే పోండి, మధ్యాహ్నమైతే క్యూ పెరుగుతుంది.