గుట్టు విప్పకుండా ఫాంటసీ ముచ్చట

ఫాంటసీ నవల మీద ముచ్చట చెడేది చాలాసార్లు ఒకే కారణంతో: ముందు చదివేసినవాళ్లు గుట్టు విప్పేస్తారు. కర్నూలు, కడప మిత్రులు వాట్సాప్‌లో కలిసి చదవాలనుకుంటే మొదటే హద్దు గీసుకోండి. వారానికి 3 అధ్యాయాలు, చర్చ ఆదివారం సాయంత్రం. 8 మంది చాలు. 20 దాటితే ఒకరి మాట ఒకరికి అందదు.

హద్దు దాటిన సంగతి రాయక తప్పకపోతే మొదటి వరుసలో అధ్యాయం సంఖ్య మాత్రమే వేసి, కింద 10 ఖాళీ వరుసలు వదలండి. లేకుంటే ఫోన్ తెరవకముందే నోటిఫికేషన్‌లో అంతా కనబడుతుంది. ఫొటోకు ఈ కిటుకు పనిచేయదు, పంపకండి.

విదేశీ పేర్లకు తెలుగు స్పెల్లింగు ఒకటే ఖాయం చేసుకోండి. తలా ఒక తీరుగా రాస్తే పాత చర్చ వెతికినా దొరకదు.

"బాగుంది" అంటే మాట అక్కడే ఆగిపోతుంది. కథలోని ఈ మంత్రానికి వెల ఏమిటి, ఎక్కడ పనిచేయదు అని అడగండి, వాదన దానంతటదే లేస్తుంది.

మన పక్క పుస్తకమే కావాలంటే నంద్యాల కృష్ణరాజుకు పింగళి సూరన అంకితమిచ్చిన పద్యకావ్యం కళాపూర్ణోదయం ఉంది. 8 ఆశ్వాసాలు (అధ్యాయాలు), వారానికొకటి. ముందు పడిన చిక్కుముడులు తర్వాతి ఆశ్వాసాల్లో విడతాయి కాబట్టి పీఠిక చివర్లో చదవండి. పీఠికలు కథంతా చెప్పేస్తాయి.