పనిముట్టు మొరాయిస్తే ముందు ఆనే చోటు చూడండి

గుంటూరు పట్నం బజారులో మాది ఇనప సామాన్ల కొట్టు. "ఇంతకంటే పెద్దది ఇవ్వండి" అంటూ వచ్చేవాళ్లలో చాలామందికి నిజానికి పెద్దది అక్కర్లేదు. ఉన్నదాన్ని ఎక్కడ ఆనించారో, ఎక్కడ పట్టుకున్నారో అడిగితే చాలు. నా బేరం పోతుంది గానీ వాళ్ల పని అయిపోతుంది.

గునపం, కత్తెర, పానా, తక్కెడ... అన్నీ మీటలే. బరువుండే చోటు, చెయ్యి వేసే చోటు, ఆనే చోటు అని ప్రతి మీటకీ మూడుంటాయి. ఆనే చోటి నుంచి బరువు ఎంత దూరమో, చెయ్యి ఎంత దూరమో చూసుకోవాలి. బరువును దాని దూరంతో గుణిస్తే ఎంతొస్తుందో, చేతి బలాన్ని దాని దూరంతో గుణించినా అంతే రావాలి. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో ఆర్కిమెడీస్ తేల్చిన లెక్క ఇదే. కింద రాసినవన్నీ మా కొట్టు మెట్లెక్కి వచ్చిన ఫిర్యాదులు.

"గునపం వంగిపోతోంది గానీ రోలు లేవట్లేదు"

బ్రాడీపేట నుంచి ఒకాయన ఆరడుగుల గునపం కావాలంటూ వచ్చారు. పెరట్లో వాళ్ల నాయనమ్మ కాలం నాటి రుబ్బురోలు ఉందట, దాన్ని పక్కకి జరపాలి.

"కింద ఆనింపుకి రాయి పెట్టారా సార్?"

"పెట్టానండీ, సరిగ్గా మధ్యలో."

కారణం అక్కడే దొరికింది. ఆయన దగ్గరున్న అయిదడుగుల గునపానికి రాయి మధ్యలో ఉంటే అటు రెండున్నర, ఇటు రెండున్నర. ఎంత బరువు లేపాలో అంతా మీరే నొక్కాలి. రోలు 90 కిలోలనుకుంటే, ఒక అంచు లేపడానికి అందులో సగం, అంటే 45 కిలోలు. అదే రాయిని జరిపి, మొనకి ఆరంగుళాల దూరంలో పెట్టండి. అటు 6 అంగుళాలు, ఇటు 54. తొమ్మిది రెట్లు తేడా. 5 కిలోల ఒత్తిడికే అంచు లేస్తుంది. చెయ్యి మాత్రం గునపం చిట్టచివర ఉండాలి, మధ్యలో పట్టుకుంటే ఈ లెక్కంతా వృథా.

ఊరికే ఏదీ రాదు లెండి. చెయ్యి 9 అంగుళాలు దిగితే రోలు లేచేది ఒక్క అంగుళమే. లేచినప్పుడల్లా సందులో ఇటుక ముక్క దోపి, రాయి ఎత్తు పెంచుకుంటూ పోవాలి.

సాయంత్రం మళ్లీ ఫోను. "రాయి భూమిలోకి దిగబడిపోతోందండీ!" మనది నల్లరేగడి, ముందురోజు వాన పడింది, దిగబడక ఏం చేస్తుంది? ఆనే చోటు మీద రోలు బరువూ, మన నొక్కుడూ రెండూ కలిసి పడతాయి. 45కి 5 కలిపితే 50 కిలోలు, అదీ గుప్పెడు రాయి మీద. రాయి కింద మందపాటి చెక్క పలక వేసుకోమన్నాను. గునపం అమ్మలేదు.

"కత్తెర మొద్దుబారింది, గుడ్డ తెగకుండా మడత పడుతోంది"

సాన పట్టించే ముందు మధ్య మర చూడండి. అది వదులైతే రెండు అలుగుల మధ్య సందు వస్తుంది, గుడ్డ అందులోకి జారుతుంది. మర బిగించండి. రివెట్ అయితే గట్టి ఇనుము మీద పెట్టి సుత్తితో మెల్లగా రెండు దెబ్బలు వేయండి, అంతకు మించితే కత్తెర తెరుచుకోదు. ఇంకో సంగతి. ఎడమచేతి వాటం వాళ్లు మామూలు కత్తెర వాడితే వేళ్ల ఒత్తిడి అలుగుల్ని దగ్గర చేయడానికి బదులు విడదీస్తుంది. పిల్లల్ని కసురుకోకండి, వాళ్ల చేతికి సరిపడే కత్తెర కొనండి.

అట్ట లాంటి మందపాటిదైతే కత్తెర కొసల్తో కాకుండా మర దగ్గరికంటా పెట్టి కోయాలి. అడకత్తెరలో పోకచెక్క సంగతీ అంతే. వక్క నలగట్లేదంటే దాన్ని ఇంకాస్త లోపలికి, మర వైపు నెట్టండి.

"టైరు నట్లు ఊడట్లేదు"

విజయవాడ వెళ్తుండగా కాజ దగ్గర పంచరైతే తెలుస్తుంది ఈ బాధ. కారుతో వచ్చే వీల్ పానా పొట్టిది. 25 సెంటీమీటర్ల పిడి మీద 40 కిలోలు నొక్కాల్సిన చోట, ఇనప పైపు తొడిగి 50 సెంటీమీటర్లు చేస్తే 20 కిలోలు చాలు. పిడి నేలకి సమాంతరంగా ఉండేలా పెట్టి కిందికి నొక్కండి. ఏటవాలుగా తోస్తే బలంలో కొంత వృథా. జాకీ ఎత్తకముందే నట్లు వదులు చేసుకోవాలి, లేకపోతే చక్రమే తిరుగుతుంది. పైపు ఊడదీయడానికే, బిగించడానికి కాదు. అంత పొడుగు మీటతో బిగిస్తే బోల్టు మర చెడుతుంది, ఒక్కోసారి తెగిపోతుంది కూడా.

"తలుపు కింద గీరుకుంటోంది"

వడ్రంగి వచ్చి తలుపు అడుగు చిత్రిక పడతానంటే ఆగమనండి. ముందు పై మడతబందు స్క్రూలు చూడండి. ఇక్కడ మీట మనకి ఎదురు పనిచేస్తోంది. మూడడుగుల వెడల్పు తలుపు బరువంతా బందుకి అడుగున్నర దూరంలో ఉన్నట్టు లెక్క. తలుపు 30 కిలోలు, రెండు బందుల మధ్య అయిదడుగులు ఉంటే పై బందుని 9 కిలోల బలం పక్కకి లాగుతూ ఉంటుంది. 20 కిలోల పిల్లాడు అంచు పట్టుకుని ఊగితే మరో 12 కిలోలు. స్క్రూ కన్నాలు సాగాయంటే సాగవా మరి? కన్నాల్లో అగ్గిపుల్లలు ఫెవికాల్‌తో దోపి, ఆరాక కాస్త పొడుగు స్క్రూలు బిగించండి. పిల్లాడి సంగతి మీరే చూసుకోవాలి.

"ముల్లు సరిగ్గానే ఉంది, ఇంటికొస్తే తూకం తగ్గుతోంది"

ఎండుమిర్చి కొనుక్కుని వచ్చిన మామ్మగారొకావిడ అడిగిన మాటిది. ఇప్పుడు అంతటా ఎలక్ట్రానిక్ కాటాలే అయినా, సంతల్లో చేతి తక్కెడ ఇంకా కనిపిస్తుంది. ఖాళీ తక్కెడ ముల్లు నిటారుగా నిలబడితే నిజాయతీ ఉన్నట్టు కాదు. దండం ఒకవైపు కొద్దిగా పొడుగున్నా, రెండో పళ్లేనికి పాసంగం, అంటే సరితూగడానికి చిన్న బరువు, కట్టి ముల్లుని నిలబెట్టొచ్చు. సరుకు పొడుగు వైపు వేస్తే తక్కువ సరుకే కిలో రాయికి తూగుతుంది.

పట్టుకోవడం తేలిక. తూచాక సరుకునీ రాళ్లనీ పళ్లేలు మార్చమనండి. ఒకవైపు 980 గ్రాములు, రెండోవైపు 1020 వచ్చిందంటే దండం సమంగా లేదు. రెండు అంకెల్నీ గుణించి వర్గమూలం తీస్తే అసలు బరువు, అంటే కిలోకి వెంట్రుకవాసి తక్కువ. ముల్లు బద్ధకంగా ఎక్కడపడితే అక్కడ ఆగుతోందంటే మోసం కాకపోవచ్చు, మధ్యలో దండం ఆనే అంచు అరిగి ఉంటుంది. దానికి మరమ్మతు చేయించి, తూనికలు కొలతల శాఖ ముద్ర మళ్లీ వేయించుకోవాలి.

మామ్మగారు మర్నాడే వెళ్లి పళ్లేలు మార్చమన్నారట. కొట్టువాడు నవ్వేసి, "మీకెందుకు మామ్మగారూ" అంటూ ఇంకో గుప్పెడు మిరపకాయలు పోశాడట. పళ్లేలు మాత్రం మార్చలేదు.