విదేశీ సంబంధం ఖాయమైందా? ముందు పెళ్లి ఎక్కడో తేల్చుకోండి

హైదరాబాద్‌లో పుట్టి పెరిగి, వేరే దేశపు మనిషిని ఇష్టపడి, అక్కడికే వెళ్లి కాపురం పెట్టాలనుకునే వాళ్లు మొదట అడిగేది వీసాకి ఎన్ని నెలలు పడుతుందని. అది తర్వాతి సంగతి. చట్టప్రకారం పెళ్లి ఏ దేశంలో జరగాలో ముందు ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి, ఎందుకంటే ఏ వీసా, ఏ కాగితాలు, అక్కడ ఎప్పటి నుంచి ఉద్యోగం చేయొచ్చు, ఇంట్లో వాళ్లకు ఏ తేదీ చెప్పాలి, అన్నీ దాన్ని బట్టే ఉంటాయి.

అమెరికా పౌరుణ్ణో పౌరురాలినో చేసుకుంటుంటే రెండు దారులున్నాయి. ఒకటి కె-1, అంటే పెళ్లి కాకుండానే కాబోయే భార్యగానో భర్తగానో వెళ్లడం. పిటిషన్ వేసే ముందు రెండేళ్లలో ఒక్కసారైనా మీరిద్దరూ ఎదురుగా కలిసి ఉండాలి, అక్కడ దిగాక 90 రోజుల్లో పెళ్లి చేసుకోవాలి, ఆ తర్వాత గ్రీన్ కార్డుకు వేసుకోవాలి, వర్క్ పర్మిట్ వచ్చేదాకా ఇంట్లో కూర్చోవాల్సిందే. రెండోది ముందే పెళ్లి చేసుకుని సీఆర్-1 వీసా మీద వెళ్లడం, ఇందులో దిగిన రోజు నుంచే పని చేసుకోవచ్చు. మన ఇళ్లలో అసలు చిక్కు కె-1 దగ్గరే వస్తుంది. "తాళి కట్టకుండా పిల్లని ఎలా పంపిస్తాం" అని పెద్దవాళ్లు పట్టుబడతారు, ఫైల్ నడుస్తుండగానే జీలకర్ర బెల్లం, తలంబ్రాలు అన్నీ కానిచ్చేస్తారు, ఆ ఫొటోలు చూసిన వీసా ఆఫీసర్ మీకు పెళ్లి అయిపోయినట్టే లెక్కేసి కేసు తిప్పి పంపేయొచ్చు. నిశ్చితార్థం వరకు ఇబ్బంది లేదు. నన్నడిగితే మన పద్ధతులకు రెండో దారే మేలు, ఆలస్యమైనా సరే. ఇంకో మాట, నానక్‌రాంగూడలో అంత పెద్ద కాన్సులేట్ ఉన్నా ఈ రకం వీసాల ఇంటర్వ్యూకి సాధారణంగా ముంబై వెళ్లాలి, ఆ ఖర్చు, సెలవులు లెక్కలో వేసుకోండి.

బ్రిటన్ అయితే గొడవంతా జీతం దగ్గరే. 2024 ఏప్రిల్ నుంచి భార్య లేదా భర్త వీసాకి అక్కడి మనిషి ఆదాయం ఏడాదికి కనీసం 29,000 పౌండ్లు ఉండాలి, అంతకుముందు 18,600 ఉండేది. మీకు ఇంగ్లిష్ పరీక్ష, టీబీ పరీక్ష ఉంటాయి. ఈ అంకెలు మారుతూ ఉంటాయి కాబట్టి అప్లై చేసే ముందు అక్కడి ప్రభుత్వ సైట్‌లో చూసుకోండి, ఏజెంటు మాట మీద ఆగకండి. జర్మన్ పౌరుల భార్యాభర్తలకు మామూలుగా ఏ1 స్థాయి, అంటే అన్నిటికంటే కింది మెట్టు జర్మన్ కావాలి, హైదరాబాద్‌లోనే గోథే సెంట్రమ్ ఉంది కాబట్టి నేర్చుకోవడానికి ఊరు దాటక్కర్లేదు, పెళ్లి మాట అనుకున్న వెంటనే క్లాసుల్లో చేరిపోండి.

ఇక్కడే పెళ్లి అంటే, మీ ఇద్దరి మతాలు వేరైతే 1954 ప్రత్యేక వివాహ చట్టమే సరైన దారి. 1955 హిందూ వివాహ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది, కాబట్టి గుళ్లో దండలు మార్చుకుని రసీదు తెచ్చుకుంటే అది వీసా ఫైల్లో నిలబడదు. ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా ఉంటుండాలి. మ్యారేజ్ ఆఫీసర్‌కి నోటీసు ఇస్తే అది ఆఫీసు బోర్డు మీద పెడతారు, అభ్యంతరాలకు 30 రోజులు గడువు, ఆ తర్వాత ముగ్గురు సాక్షులతో పెళ్లి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటి నుంచి మొదలు. మీరు చేసుకోబోయే విదేశీ మనిషి రెండు వారాల సెలవు పెట్టుకుని దిగి పెళ్లి చేసుకుని వెళ్లిపోదామనుకుంటే ఇక్కడే దెబ్బ తింటారు. నోటీసు రోజు ఇద్దరూ రావాలా, వాళ్ల ఎంబసీ నుంచి పెళ్లికి అడ్డు లేదన్న పత్రం ఏ రూపంలో కావాలి అనేవి టికెట్లు కొనకముందే ఆ ఆఫీసుకి వెళ్లి అడగండి. ఆ మనిషికి ఇదివరకు పెళ్లి అయి ఉంటే విడాకుల డిక్రీ మీ కళ్లతో చూడండి. మొహమాటపడొద్దు, నిజాయితీ ఉన్న మనిషి ఆ కాగితం చూపించడానికి నొచ్చుకోడు. ముహూర్తం సంగతి, రిజిస్ట్రేషన్ తేదీ చేతికొచ్చాకే ఫంక్షన్ హాల్‌కి అడ్వాన్స్ కట్టండి.

ఇక పేర్లు. తెలుగువాళ్లకు అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి తెచ్చేది ఇదే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క ఇనీషియల్, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, ఉన్నదంతా రెండో గడిలో. అలాంటి పాస్‌పోర్టు మీద అమెరికా వీసా కొడితే పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు అని) పడుతుంది, ఆ మూడక్షరాలు అక్కడ బ్యాంకు నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా మీ వెంటే వస్తాయి. అమ్మ పేరు లక్ష్మి అనుకోండి, పుట్టిన సర్టిఫికెట్‌లో కెఎస్‌హెచ్‌తో, పాస్‌పోర్టులో ఎక్స్‌తో ఉంటుంది, మనకి రెండూ ఒకటే, ఆ దేశపు ఆఫీసర్‌కి ఇద్దరు మనుషులు. అందుకని ఒక ఆదివారం అన్ని కాగితాలూ నేల మీద పరిచి, మీ పేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం పోల్చండి. ముందు పాస్‌పోర్టు సరిచేయించుకోండి, తర్వాత జీహెచ్‌ఎంసీ పుట్టిన సర్టిఫికెట్, ఆ తర్వాతే మిగతావి. పుట్టినప్పుడు నమోదే కాకపోతే నమోదు లేదన్న సర్టిఫికెట్ తీసుకుని దానికి టెన్త్ మెమో జత చేయండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలన్న నిబంధన ఏమీ లేదు, మార్చుకోకపోతేనే పని తేలిక.

అపోస్టిల్, అంటే మన కాగితం అసలుదేనని ఒప్పందంలో ఉన్న వేరే దేశాలు నమ్మేలా వేసే ముద్ర, అది కావాలంటూ ఏజెంట్లు ప్రతి కాగితానికీ డబ్బు లాగుతారు. మన దేశం ఆ ఒప్పందంలో 2005లో చేరింది, ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపైన విదేశాంగ శాఖ ముద్ర. అయితే అమెరికా, బ్రిటన్ వీసా ఫైళ్లకు మామూలుగా ఇది అడగరు. యూఏఈకి అపోస్టిల్ చాలదు, ఎంబసీ ధ్రువీకరణ కావాలి. మీ దేశం ఏం అడుగుతుందో చూసుకుని అదొక్కటే చేయించండి.

మీ ఇద్దరి బంధం నిజమని చూపించే ఆధారాలు మొదటి నుంచే దాచుకోండి: విమాన టికెట్లు, పాస్‌పోర్టు ముద్రలు, రెండు కుటుంబాలూ కలిసి ఉన్న ఫొటోలు, కాల్ రికార్డులు. ఇంటర్వ్యూలో వాళ్ల అమ్మ పేరేంటి, ఏం పని చేస్తారు, మీరు మొదట ఎక్కడ కలిశారు లాంటివే అడుగుతారు. బట్టీ పట్టకండి, జరిగింది చెప్పండి.

ఇది ముఖ్యంగా ఆడపిల్లలకి చెప్తున్నా, మగవాళ్లకీ వర్తిస్తుంది. అక్కడికెళ్లిన మొదటి నెలల్లో మీకు జీతం ఉండదు, భాష కొత్త, మనుషులు కొత్త. మీ ఒక్కరి పేరు మీదే ఉండే డబ్బు, తిరుగు టికెట్‌కి సరిపడా అయినా, పెట్టుకుని వెళ్లండి. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకండి, అన్నిటి స్కాన్లూ ఇంట్లో ఒకరి దగ్గర ఉంచండి, ఆ దేశంలోని మన ఎంబసీ నంబరు ఫోన్‌లో ఉండాలి. ఇబ్బంది వస్తే తెలంగాణ పోలీసు మహిళా భద్రత విభాగంలో ఎన్నారై సెల్ ఉంది, జాతీయ మహిళా కమిషన్‌లోనూ ఉంది. అమెరికా పౌరుడైన భర్త హింసిస్తుంటే ఆయన సంతకం అక్కర్లేకుండా మీరే గ్రీన్ కార్డుకు వేసుకునే చట్టం అక్కడుంది. పెళ్లికి ముందే ఇవి తెలిసి ఉంటే మంచిది.

బయల్దేరే ముందు బ్యాంకుకి చెప్పండి, అక్కడ స్థిరపడ్డాక మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్‌ఆర్‌ఓగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతాగా మార్చుకోవాలి. డ్రైవింగ్ లైసెన్సు ఉంటే ఆర్టీఏలో ఏడాది చెల్లే ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోండి. నగలు తీసుకెళ్తుంటే శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్లకి చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి, అది ఉంటే తిరిగొచ్చేటప్పుడు అవే నగలకి సుంకం అడగరు.

మీ విదేశీ భర్తకో భార్యకో ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు కావాలంటే రిజిస్టర్ అయిన పెళ్లికి కనీసం రెండేళ్లు నిండాలి. ఆ రెండేళ్లు గడిచాక అప్లై చేస్తే, ప్రతిసారీ వీసా తీసుకోకుండానే మీతోపాటు పండక్కి హైదరాబాద్ రావచ్చు.