పాత కారును మ్యాగజైన్ ఫొటోషూట్‌కి ఇవ్వాలంటే ఏం చేయాలి?

2023 అక్టోబరులో ముంబై రోడ్ల మీద చివరి ప్రీమియర్ పద్మినీ (మనం ఫియట్ అని పిలిచే పాత కారు) టాక్సీలకు గడువు తీరిపోయింది. ఆ వార్త పేపర్లలో వచ్చిన వారం తిరక్కుండానే నాకో ఫోన్. “మీ దగ్గర పద్మిని ఉందట కదండీ, మా పెళ్లిళ్ల స్పెషల్‌కి ఒక్క పూట ఇస్తారా?” అని. మాది 1979 మోడల్, మీగడ రంగు. నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి. మ్యాగజైన్‌లో మన కారు అనేసరికి పొంగిపోయి, కాగితం ముక్క కూడా రాయించుకోకుండా సరేనన్నాను. సాయంత్రానికి బానెట్ మీద నాలుగు వేళ్ల వెడల్పు సొట్ట, దాని చుట్టూ పిల్లి గీరినట్టు గీతలు. జర్దోసీ లెహంగాలో ఉన్న మోడల్‌ని ఎవరో “ఒక్క క్షణం అలా కూర్చోండి” అన్నారట. ఆ క్షణంలో నేను రోడ్డు అవతల టీ తాగుతున్నాను.

అరువు సొమ్ములు బరువు చేటు అని తెచ్చుకున్నవాళ్లకి సామెత ఉంది. ఇచ్చినవాళ్లకి ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఇంకో మూడుసార్లు బండి షూటింగులకి వెళ్లింది, కొత్త గీత ఒక్కటి పడలేదు. ఎందుకంటే ఆ సొట్ట పడినప్పటినుంచి నేను కారు ఒక్కదాన్నే ఇవ్వడం మానేశాను. కారుతో పాటు నేనూ వెళ్తున్నాను, అంతే తేడా. ఆ పని ఏ వరుసలో చేస్తే బాగుంటుందో చెప్తాను.

1. ఫోన్‌లో ఉండగానే అడిగేయండి

మొదటి ప్రశ్న: ఫొటో కారుదా, కారు పక్కన నిలబడే మనిషిదా? కార్ల మ్యాగజైన్ వాళ్లయితే సగం టెన్షన్ ఉండదు. వాళ్లకి క్రోమ్ బంపర్ అంటే ఏమిటో తెలుసు, తలుపు ఎలా వేయాలో తెలుసు. బట్టలు, నగలు, పెళ్లిళ్ల ఫొటోలు తీసేవాళ్లకి మాత్రం మన కారు ఒక సోఫా. ఎక్కుతారు, ఆనుకుంటారు, దాని మీద మేకప్ డబ్బాలు పెడతారు. తప్పు వాళ్లది కాదు, ఎవరూ చెప్పకపోవడం వల్ల.

షూట్ ఎలా ఉండాలో చూపించే నమూనా బొమ్మలు వాళ్ల దగ్గర ముందే ఉంటాయి. వాట్సాప్‌లో పంపమనండి. మాటల్లో “సింపుల్‌గానే సార్” అన్నవాళ్ల బొమ్మల్లో టాప్ మీద పడుకున్న అమ్మాయి కనిపించవచ్చు. పొగ మిషన్, రంగుల పొడి, నీళ్ల వాన, కారుకి బిగించే కెమెరా, డ్రోన్... వీటిలో ఏది ఉన్నా అప్పుడే తేలిపోవాలి. చోటు, గంటలు, ఎంతమంది ఎక్కుతారు, బండి కదలాలా నిలబడితే చాలా, ఇవి కూడా.

2. కాగితాలు

విసుగనిపించినా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

ముందు మీ సొంత కాగితాలు చూసుకోండి. ప్రైవేటు కారు ఆర్‌సీ 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. చాలామంది షెడ్డులో ఉన్న బండికి అది మర్చిపోతారు. పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా అంతే.

తర్వాత ఇన్సూరెన్స్. పాత కార్లలో చాలావాటికి థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటుంది. అంటే మన బానెట్‌కి సొట్ట పడితే పైసా రాదు. పూర్తి పాలసీ ఉన్నా అందులో ‘వాడకానికి పరిమితులు’ అన్న పేరా చదవండి. ప్రైవేటు కారును డబ్బులు తీసుకుని అద్దెకు తిప్పితే కవర్ ఉండదని అక్కడ రాసి ఉంటుంది. కాబట్టి వాళ్లు ఇచ్చే మొత్తాన్ని ఏ పేరుతో తీసుకుంటున్నారో, దానికి అభ్యంతరం ఉందో లేదో ఇన్సూరెన్స్ కంపెనీని మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఏజెంటు ఫోన్‌లో “ఏం కాదండీ” అన్నది పనికిరాదు. ఇంకోటి: ఐదేళ్లు దాటిన బండి విలువను కంపెనీ, మనం మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. ఏజెంటు వేసిన అంకెకి తల ఊపేస్తే, లక్షలు పెట్టి బాగు చేయించిన కారు కాగితం మీద పాత ఇనుము ధరకి పడి ఉంటుంది.

మీ బండి 50 ఏళ్లు దాటి, 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించి ఉంటే (నంబరులో ‘వీఏ’ అనే అక్షరాలు ఉంటాయి) ఇంకా జాగ్రత్త. ఆ బండిని ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలు పోయించడానికి, రిపేరుకి తీయవచ్చు గానీ వ్యాపారానికి వాడకూడదు. 20,000 రూపాయలు కట్టి తెచ్చుకున్న నంబరును ఒక్క పూట అద్దె కోసం చిక్కుల్లో పెట్టుకోవద్దు. అలాంటి బండికి అద్దె మాట ఎత్తకపోవడమే మేలని నా అభిప్రాయం. అడిగినవాళ్లు సొంతవాళ్లయితే, మీ ఇంటి ఆవరణలోనే వచ్చి తీసుకోమనండి.

ఇక ఒప్పందం. రెండు పేజీలు చాలు, లాయరు భాష అక్కర్లేదు. తేదీ, చోటు, ఎన్ని గంటలు, గంట దాటితే ఎంత. బండి నడిపేది యజమాని లేదా ఆయన చెప్పిన మనిషి మాత్రమే. బానెట్, డిక్కీ, టాప్, మడ్‌గార్డుల మీద ఎవరూ కూర్చోకూడదు, ఎక్కకూడదు. యజమానిని అడగకుండా టేపు, స్టిక్కరు, కెమెరా బిగింపు ఏదీ పెట్టకూడదు. దెబ్బ తగిలితే యజమాని ఎంచుకున్న టింకరు (సొట్టలు తీసే మనిషి) ఇచ్చిన ఎస్టిమేటు ప్రకారం, ఫలానా రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఈ చివరి వాక్యం లేకపోవడం వల్లే నా సొట్ట నేనే తీయించుకున్నాను. వాళ్లు పంపిన మనిషి చెయ్యి పెట్టి తడిమి, “ఇది పాతదేమో చూడండి సార్” అన్నాడు.

ఫొటోల సంగతి కూడా అందులోనే రాయండి. కారు మనదైనా ఫొటోల మీద కాపీరైట్ మనకి రాదు. తీసినవాళ్లకో, తీయించినవాళ్లకో వెళ్తుంది. అందుకని ఏ సంచికకి వాడుతున్నారు, ప్రకటనలకి వాడితే మళ్లీ అడగాలా, మనకి పెద్ద సైజులో ఎన్ని ఫొటోలు ఇస్తారు, వాటిని మనం వాడుకోవచ్చా అన్నవి నాలుగు లైన్లలో ఉండాలి. నంబరు ప్లేటు ఫొటోలో కనిపించకూడదంటే ఎడిటింగ్‌లో చెరపమని రాయించండి. రోడ్డు మీద ప్లేటుకి గుడ్డ కట్టి నడిపితే చలానా మీకే వస్తుంది, మ్యాగజైన్‌కి కాదు.

చోటుకి పర్మిషన్ వాళ్ల బాధ్యత అని కూడా రాసుకోండి, అయినా కాపీ అడిగి చూడండి. గోల్కొండ, చార్మినార్ లాంటివి కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి. అక్కడ వ్యాపార షూటింగ్‌కి ముందే అనుమతి తీసుకోవాలి. “పొద్దున్నే ఎవరూ ఉండరు, పది నిమిషాల్లో లాగించేద్దాం” అన్న మాట వినపడిందంటే, పోలీసు వచ్చినప్పుడు స్టీరింగ్ ముందు కూర్చుని ఉండేది మీరేనని గుర్తుంచుకోండి.

3. బండిని సిద్ధం చేయడం

షూట్‌కి వారం ముందు మెకానిక్‌కి చూపించండి. మా మెకానిక్ భాయ్ అయితే ముందు రేడియేటర్, ఫ్యాన్ బెల్టు, బ్రేకులు చూస్తాడు, తర్వాతే మిగతావి. షూటింగుల్లో బండి ఎక్కువసేపు ఆగి, స్టార్టయి, పది అడుగులు కదిలి, మళ్లీ ఆగుతుంది. 1,089 సీసీ పాత ఇంజనుకి హైవే మీద వంద కిలోమీటర్ల కంటే ఇదే కష్టం. వేడెక్కుతుంది, ఎండలో పెట్రోలు లైనులోనే ఆవిరైపోయి స్టార్ట్ కాకుండా మొండికేస్తుంది. అప్పుడు సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టకండి. బానెట్ ఎత్తి, తడి గుడ్డ పెట్రోలు పంపు మీద వేసి పావుగంట ఆగండి. యూనిట్ వాళ్లు గడియారం చూసుకుంటారు, చూసుకోనివ్వండి.

ముందు రోజు కడగండి, ఆ రోజు పొద్దున వద్దు. క్రోమ్ పట్టీల వెనక, తలుపు సందుల్లో దాగిన నీరు బండి కదలగానే చారలుగా కారుతుంది, కెమెరాకి అది బాగా కనిపిస్తుంది. టైర్లకి మెరుపు నూనె పూస్తే పలచగా పూసి తుడిచేయండి, లేకపోతే చక్రం తిరగ్గానే మడ్‌గార్డు మీద చుక్కలు పడతాయి.

బంపర్‌కి కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు, డాష్‌బోర్డు మీద వెంకటేశ్వరస్వామి, ఫాస్టాగ్ స్టిక్కరు వీటి గురించి అప్పుడు కాదు, ముందే తేల్చుకోండి. ఫాస్టాగ్ పీకితే మళ్లీ పనికిరాదు, దాన్ని ఎడిటింగ్‌లో తీసేయమనండి. స్వామిని పక్క సీటులోకి మార్చవచ్చు. నిమ్మకాయ దగ్గరే మా ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. “అంతమంది కళ్లు పడే రోజునే తీసేస్తావా?” అంది అమ్మ. చివరికి దాన్ని బంపర్ వెనక్కి, కెమెరాకి కనిపించకుండా కట్టాం. ఇద్దరికీ సరిపోయింది.

బయల్దేరే ముందు, పగటి వెలుగులో, కారు చుట్టూ నెమ్మదిగా తిరుగుతూ ఒకే వీడియో తీయండి. ఉన్న గీతలు, సొట్టలు నోటితో చెప్తూ తీయండి. కిలోమీటరు మీటరు కూడా పడాలి. దాన్ని అక్కడికక్కడే వాళ్ల మేనేజర్‌కి పంపేయండి. “ఇది పాతదేమో” అన్న మాటకి ఇదొక్కటే మందు.

డిక్కీలో స్టెప్నీ, జాకీ, జంపర్ కేబుళ్లు, ప్లగ్గులు, పాయింటు, కండెన్సర్, ఫ్యూజులు, ఐదు లీటర్ల నీళ్లు, చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, నాలుగు మెత్తటి గుడ్డలు. గుడ్డలు మీవే ఉండాలి. వాళ్ల అసిస్టెంటు లెన్సు పెట్టె తుడిచిన ఇసుక గుడ్డతోనే కారూ తుడుస్తాడు.

4. స్పాట్‌లో

మంచి వెలుగు పొద్దు పొడిచాక ఒక గంట, పొద్దు గుంకే ముందు ఒక గంట. మిగతా సమయమంతా నిరీక్షణే, దానికి నీడలో చోటు చూసుకోండి. కారు రంగు అద్దంలాంటిది, ఎదురుగా నిలబడ్డ ప్రతి ఒక్కరూ తలుపులో కనిపిస్తారు. మీరు ముదురు రంగు చొక్కా వేసుకెళ్తే ఫొటోగ్రాఫర్ మీతో వెంటనే స్నేహం చేస్తాడు.

ముందు చక్రాలు కొంచెం తిప్పి పెట్టమంటారు, వీల్ కప్పు అందంగా పడుతుందని. నిలబడ్డ బండిలో స్టీరింగ్ బలంగా తిప్పకండి. పవర్ స్టీరింగ్ లేని బండికి ఆ బరువంతా లింకుల మీద పడుతుంది. అడుగు దూరం కదులుతూ తిప్పండి. నాలుగు ఫొటోలకి నాలుగుసార్లు అలాగే, విసుక్కున్నా సరే.

హెడ్‌లైట్లు వెలిగించి ఉంచమంటారు. రెండు బల్బులు 55 వాట్ల చొప్పున ఉంటే 12 వోల్టుల బ్యాటరీ నుంచి దాదాపు 9 ఆంపియర్లు లాగుతాయి. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో గంటకి పావు వంతు పోతుంది. ఇంజను ఆన్‌లో ఉంచినా, పాత డైనమో బండ్లు నిలబడి ఉన్నప్పుడు పెద్దగా చార్జ్ చేయవు. “రెడీ అన్నప్పుడు వేస్తాను, క్లిక్ కాగానే ఆపేస్తాను” అని చెప్పండి.

మనుషుల విషయంలో మొహమాటం వద్దు. బెల్టు బకిల్, గాజులు, జీన్స్ రివెట్లు, అద్దాల పని ఉన్న బట్టలు కారుకి ఆనకూడదు. ఆనాల్సిందే అంటే మధ్యలో మెత్తటి గుడ్డ మడిచి, కెమెరాకి కనిపించకుండా పెట్టండి. రంగు మీద టేపు అసలే వద్దు. పుట్టీ పెట్టి టచప్ చేసిన చోట టేపుతో పాటు రంగు కూడా లేచి వస్తుంది. వ్యాక్యూమ్ కప్పులతో బానెట్‌కి కెమెరా బిగించడానికీ అదే కారణంతో నేను ఒప్పుకోను. ఆధునిక కారుకి పెట్టుకోమనండి.

తాళం చెవి జేబులో ఉండాలి. బాత్‌రూమ్‌కి వెళ్లినా సరే, మీ మనిషి ఒకరు బండి దగ్గర ఉండాలి. టీ అక్కడికే తెప్పించుకోండి, బానెట్ మీద మాత్రం పెట్టనివ్వకండి.

5. కదిలే ఫొటోలు

వేగం ఫొటోలో కనిపించాలంటే వేగంగా నడపాలనుకుంటారు. అక్కర్లేదు. గంటకి 30 కిలోమీటర్ల వేగంలో, కెమెరా షట్టర్ సెకనులో 30వ వంతు సేపు తెరుచుకునేలా పెట్టి తీస్తే ఆ లోపే బండి సుమారు 28 సెంటీమీటర్లు జరుగుతుంది. రోడ్డు, చెట్లు చెరిగినట్టు రావడానికి అది చాలు. కాబట్టి “ఇంకొంచెం స్పీడు సార్” అంటే షట్టర్ ఇంకొంచెం ఎక్కువసేపు తెరిచి ఉంచుకోమని నవ్వుతూ చెప్పండి. ముందు కారు డిక్కీ తెరిచి అందులోంచి వేలాడుతూ తీసే పద్ధతి ట్రాఫిక్ ఉన్న రోడ్డు మీద ఒప్పుకోకండి. ప్రైవేటు లేఅవుట్, మూసేసిన రోడ్డు అయితేనే. సైగలు ముందే అనుకోండి: చెయ్యి ఎత్తితే ఆగడం, తిప్పితే వెనక్కి.

హీరో లాంటి కుర్రాడు “నేను నడుపుతూ ఉంటే బాగుంటుంది” అంటాడు. స్టీరింగ్ పక్కన గేరు ఉన్న బండి అతను జన్మలో చూసి ఉండడు. అతన్ని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, ఇంజను ఆపి, ఎత్తు లేని చోట ఇద్దరితో మెల్లగా తోయించండి. ఫొటోలో ఎవరికీ తెలియదు.

6. తిరిగి ఇంటికి

లైట్లు వ్యాన్‌లోకి ఎక్కకముందే మేనేజర్‌ని పిలిచి, పొద్దున్న వీడియో పక్కన పెట్టుకుని కారు చుట్టూ ఇద్దరూ తిరగండి. కొత్త గీత కనిపిస్తే అప్పుడే ఫొటో తీసి, ఒప్పందం కాగితం వెనక రాసి సంతకం పెట్టించండి. వ్యాన్ వెళ్లిపోయాక చేసే ఫోన్ ఎవరూ ఎత్తరు, ఎత్తినా “కనుక్కుని చెప్తాం” అంటారు. మిగిలిన డబ్బు కూడా అప్పుడే.

ఇంటికొచ్చాక ఇంజను చల్లారనిచ్చి నీళ్లు, ఆయిల్ చూడండి. మర్నాడు పొద్దున కింద చుక్కలు పడ్డాయేమో చూసి, దుమ్ము కడిగాకే కవర్ వేయండి. పొగ మిషన్ వాడి ఉంటే అద్దాల మీద, సీట్ల మీద జిడ్డు పొర ఉంటుంది, లోపల కూడా తుడవండి. ఇక సంచిక ఎప్పుడు వస్తుందో వాళ్లు చెప్పరు. నెలకోసారి మీరే అడగాలి. రెండు కాపీలు అడగండి. ఒకటి నాకు, ఒకటి మా మెకానిక్ భాయ్ షెడ్డు గోడకి.