స్పానిష్‌లో 'మాట్లాడు', 'మాట్లాడండి'
స్పానిష్‌లో 'నువ్వు' అని పిలిచే మనిషికి పని చెప్పడానికి చాలా క్రియల్లో కొత్త రూపమేదీ బట్టీ పట్టనక్కర్లేదు. 'ఆమె మాట్లాడుతుంది' అనడానికి వాడే 'ఆబ్లా' (రాతలో ముందు హెచ్ ఉంటుంది, పలకరు) అనే మాటకే 'మాట్లాడు' అని కూడా అర్థం. అలాగే 'కోమే' అంటే తిను, 'ఎస్క్రీబే' అంటే రాయి.

టెన్షన్ అంతా 'మీరు' దగ్గరే. మనం చివర 'అండి' చేరుస్తాం, వాళ్లు చివరి అచ్చు మార్చేస్తారు. మూలరూపం 'ఆర్'తో ముగిసే క్రియల్లో (ఆబ్లార్ లాంటివి) 'ఆ' పోయి 'ఏ' వస్తుంది: ఆబ్లే. 'ఏర్', 'ఈర్' క్రియల్లో దీనికి తిరగేసి: కోమా, ఎస్క్రీబా. ఎదుట ఇద్దరు ముగ్గురుంటే దానికే 'న్' తగిలించండి: ఆబ్లేన్, కోమాన్.

నేనైతే ముందు 'నువ్వు' రూపాన్ని నోటికి పట్టించి, ఆ తర్వాతే అచ్చు మారుస్తాను.