బ్యాక్ నొక్కితే ఎక్కడికి రావాలో ముందు తేల్చుకోండి

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టుకి యాప్ చేసి ఇచ్చాను. పొద్దున వచ్చిన లాట్లన్నీ వరసగా కనబడతాయి, తేజ, బాడిగ, 334, తాలు లాంటి మిర్చి రకాలు, దేని మీద నొక్కితే దాని ఫొటోలు, ఎన్ని టిక్కీలు (బస్తాలు), ఏ ఊరి సరుకు, అన్నీ వస్తాయి. నొక్కగానే కార్డు గిర్రున తిరిగి పెద్ద పేజీగా విచ్చుకునేలా మూడు రోజులు కూర్చుని చేశాను. కొట్టు గుమాస్తా గారు, యాభై దాటిన మనిషి, ఫోన్ తీసుకుని నలభయ్యో లాటు దాకా వేలితో జరుపుకుంటూ వెళ్ళారు, నొక్కారు, ఫొటో చూశారు, బ్యాక్ నొక్కారు. లిస్టు మళ్ళీ మొదటి లాటు దగ్గరికి వచ్చి ఆగింది. ఆయన మళ్ళీ కిందికి జరిపి నలభై ఒకటి చూశారు, బ్యాక్ కొట్టారు, మళ్ళీ మొదటికే. మూడోసారి ఫోన్ జేబులో పెట్టుకుని "నేను పోయి బస్తాలే చూసుకుంటాలే అబ్బాయ్" అని లేచి వెళ్ళిపోయారు.

అప్పటినుంచి ఏ యాప్ మొదలుపెట్టినా నేను మొదట కాగితం మీద గీసేది బ్యాక్ బాణాలే. ముందుకి వెళ్ళే బాణాలు అందరూ గీస్తారు, ఎందుకంటే డెమోలో చూపించేది అవే. మీరు ఒక్కో స్క్రీన్‌కి ఒక డబ్బా గీసి, ఆ డబ్బాలోంచి బ్యాక్ నొక్కితే ఎక్కడికి, ఏ స్థితిలో వస్తాడో పక్కనే రాయండి. "లాట్ల లిస్టు" అని రాస్తే చాలదు. "లాట్ల లిస్టు, తేజ ఫిల్టర్ అలాగే ఉండాలి, నలభయ్యో లాటు కంటి ముందే ఉండాలి" అని రాయాలి. ఇది రాసుకుంటే సగం పని అయిపోయినట్టే, యానిమేషన్ ఏది పెట్టాలో అదే చెబుతుంది.

ప్రతి స్క్రీన్‌కి ఒక అడ్రసు ఉండాలి. గుంటూరు బ్రాడీపేటలో 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు కూడా రెండు రోజుల్లో పట్టేస్తారు, ఎవరినీ అడగకుండా వెళ్ళి మళ్ళీ అదే దారిన తిరిగి వస్తారు. వెబ్‌లో ఆ అడ్రసు యూఆర్‌ఎల్. ఒకే పేజీలో నడిచే యాప్ అయితే కొత్త స్క్రీన్ తెరిచినప్పుడల్లా బ్రౌజర్ తిరిగిన పేజీల జాబితాని మార్చే హిస్టరీ ఏపీఐలోని పుష్‌స్టేట్‌తో అడ్రసు మార్చండి, బ్యాక్ కొట్టినప్పుడు వచ్చే పాప్‌స్టేట్‌ని పట్టుకుని పాత స్క్రీన్ చూపించండి. ఇక్కడ చాలామంది ఒక తప్పు చేస్తారు. ఫిల్టర్‌లో ఒక్కో టిక్కు పెట్టినప్పుడల్లా పుష్‌స్టేట్ చేస్తారు, దాంతో యూజర్ ఆరు టిక్కులు పెడితే బయటికి రావడానికి బ్యాక్ ఆరుసార్లు ఎక్కువ కొట్టాలి. అలాంటి చిన్న మార్పులకి, జాబితాలో కొత్తది చేర్చకుండా ఉన్నదాన్నే మార్చే రీప్లేస్‌స్టేట్ వాడండి. ఓటీపీ స్క్రీన్, పేమెంట్ స్క్రీన్ కూడా అంతే, పని అయిపోయాక అవి హిస్టరీలో మిగలకూడదు. డబ్బు కట్టేశాక బ్యాక్ నొక్కితే మళ్ళీ పేమెంట్ పేజీ వస్తే ఎవరికైనా గుండె జారిపోతుంది, రెండోసారి కట్ అయ్యాయేమో అని టెన్షన్.

వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కి సూటిగా లాటు పేజీలోకి దిగినవాడి సంగతి కూడా అప్పుడే ఆలోచించండి. అతని వెనక లిస్టు లేదు. అక్కడ పైన ఉండే బాణం లాట్ల లిస్టుకి తీసుకెళ్ళాలి, ఫోన్ బ్యాక్ అతన్ని తిరిగి వాట్సాప్‌కి పంపినా తప్పులేదు. నోటిఫికేషన్ నుంచి వచ్చినవాడికైతే వెనక లిస్టు స్క్రీన్‌ని మనమే పేర్చి పెట్టడం మంచిది.

ఇక కదలికలు. నా లెక్కలో మూడే ఉన్నాయి. లిస్టులోంచి లాటులోకి వెళ్ళడం లోపలికి వెళ్ళడం, కింద ఉండే ట్యాబులు మారడం పక్కకి వెళ్ళడం, ఫిల్టర్ తెరుచుకోవడం ఉన్నదాని మీదికి ఇంకొకటి రావడం. లోపలికి వెళ్ళేటప్పుడు కొత్త పేజీ కుడివైపు నుంచి రావాలి, బ్యాక్ కొడితే కుడికే పోవాలి. వచ్చిన దారిన పోకుండా కిందికి పడిపోయిందంటే చూసేవాడికి ఎక్కడున్నాడో తెలియదు. ట్యాబులకి ఊరికే ఒక చిన్న ఫేడ్, అంటే పాతది మసకబారి కొత్తది తేలడం, చాలు. ఫిల్టర్ కింద నుంచి పైకి లేవాలి, అది తెరిచి ఉండగా బ్యాక్ నొక్కితే అదొక్కటే మూసుకోవాలి, వెనక పేజీ కదలకూడదు. ఈ చివరిది పరీక్ష చెయ్యకుండా వదిలేసిన యాప్‌లు నాకు తరచూ తగులుతుంటాయి.

టైము దగ్గర పీనాసితనం మంచిది. పేజీ మారడానికి ఫోన్‌లో 200 నుంచి 300 మిల్లీసెకన్లు సరిపోతుంది, వెళ్ళిపోయేదానికి ఇంకాస్త తక్కువ. యూజబిలిటీ నిపుణుడు జాకబ్ నీల్సన్ 1993లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది, 0.1 సెకను లోపల స్పందిస్తే వెంటనే జరిగినట్టు ఉంటుంది, 1 సెకను దాటితే ఆలోచన తెగుతుంది. అందుకే వేలు తగిలిన క్షణంలోనే ఏదో ఒకటి, కనీసం రంగైనా, మారాలి. వేగం ఎలా పెరగాలి, ఎలా తగ్గాలి అనేదానికి విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండులో పది నిమిషాలు నిలబడి చూడండి. ప్లాట్‌ఫాం దగ్గరికి వచ్చే బస్సు జోరుగా వచ్చి చివర్లో మెల్లగా ఆగుతుంది, బయల్దేరే బస్సు మెల్లగా కదిలి తర్వాత జోరందుకుంటుంది. తెర మీదికి వచ్చేదానికి ఈజ్-అవుట్, పోయేదానికి ఈజ్-ఇన్ పెట్టమనేది అందుకే. ఒకే వేగంతో కదిలేది ఎవరో తాడుకట్టి లాగుతున్నట్టు ఉంటుంది.

జర్క్ ఎందుకు వస్తుందో అర్థం చేసుకోండి, ఇది నిజంగా ముఖ్యం. 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద ఒక్కో ఫ్రేముకి దాదాపు 16.7 మిల్లీసెకన్లే ఉంటుంది, 120 హెర్ట్జ్ అయితే 8.3. లెఫ్ట్, టాప్, విడ్త్, హైట్ లాంటివి యానిమేట్ చేస్తే బ్రౌజర్ ప్రతి ఫ్రేముకీ పేజీలో ఏది ఎక్కడుందో మళ్ళీ కొలిచి, మళ్ళీ రంగులేసి, అప్పుడు తెర మీద పెట్టాలి. ట్రాన్స్‌ఫార్మ్, ఒపాసిటీ (జరపడం, పారదర్శకత) మాత్రం యానిమేట్ చేస్తే, గీసిన బొమ్మనే జరపడం కాబట్టి ఆ కొలతల పని తప్పుతుంది. తక్కువ ధర ఫోన్లలో ఈ తేడా కళ్ళకి కనబడుతుంది. ఇంకొకటి, సర్వర్ నుంచి డేటా తేవడం వేలు తగలగానే మొదలుపెట్టండి, కానీ వచ్చిన పెద్ద లిస్టుని స్క్రీన్ మీద పేర్చడం మాత్రం కదలిక ఆగాక చెయ్యండి. ఆలోపు ఫొటో చోట, రేటు చోట అదే కొలతల్లో బూడిదరంగు పెట్టెలు ఉంచితే అసలువి వచ్చినప్పుడు పేజీ ఎగరదు.

లిస్టులోని చిన్న ఫొటోయే పెరిగి లాటు పేజీలో పెద్ద ఫొటో అవడం నాకు చాలా ఇష్టమైన ట్రాన్సిషన్, కన్ను దాన్నే పట్టుకుని వెళుతుంది కాబట్టి దారి తప్పదు. యాప్‌లు కట్టే ఫ్లట్టర్‌లో అయితే రెండు స్క్రీన్లలోనూ అదే ట్యాగుతో హీరో విడ్జెట్ పెట్టాలి. వెబ్‌లో వ్యూ ట్రాన్సిషన్ ఏపీఐ ఉంది, 2023లో క్రోమ్ 111తో వచ్చింది, 2024లో క్రోమ్ 126 నుంచి ఒకే సైటులోని వేర్వేరు పేజీల మధ్య కూడా పనిచేస్తోంది, సఫారీ 18లోనూ ఉంది. ఫొటోకి వ్యూ-ట్రాన్సిషన్-నేమ్ ఇచ్చేటప్పుడు ఒక పేజీలో ఒక్కదానికే ఇవ్వండి, రెండింటికి ఒకే పేరు ఉంటే బ్రౌజర్ యానిమేషన్ మొత్తం వదిలేస్తుంది. లిస్టులో వంద ఫొటోలుంటే నొక్కినదానికి మాత్రమే ఆ క్షణంలో పేరు తగిలించడం తేలిక. ఈ ఏపీఐ తెలియని బ్రౌజర్లో పేజీ మామూలుగా మారిపోవాలి, కోడ్ రాసేటప్పుడే అది చూసుకోండి. లిస్టు ఫొటో చదరంగా, లోపలి ఫొటో పొడవుగా ఉంటే మధ్యలో మిరపకాయలు సాగినట్టు కనబడతాయి. అందుకని నేను రెండుచోట్లా ఒకే నిష్పత్తి పెట్టేస్తాను.

కదలిక జరుగుతున్నంతసేపూ తెరని బిగించేయకండి. సగంలో బ్యాక్ నొక్కితే అక్కడినుంచే వెనక్కి తిరగాలి. ఐఫోన్‌లో 2013లో ఐఓఎస్ 7 వచ్చినప్పటినుంచి ఎడమ అంచు నుంచి లాగి వెనక్కి వెళ్ళడం జనానికి అలవాటు, ఆండ్రాయిడ్ 13తో మొదలుపెట్టి, లాగుతుండగానే వెనక ఏముందో తొంగిచూపించే ప్రిడిక్టివ్ బ్యాక్ కూడా తెచ్చారు. అంచుల దగ్గర అడ్డంగా జరిగే ఫొటోల వరస పెడితే రెండూ కొట్టుకుంటాయి. ఒకే లాటు మీద రెండుసార్లు గబగబా నొక్కితే పేజీ రెండుసార్లు తెరుచుకోకుండా కూడా చూడండి.

కదలికలు చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళు, వికారం వచ్చేవాళ్ళు ఉంటారు. ఫోన్ సెట్టింగుల్లో యానిమేషన్లు తగ్గించుకుని ఉంటారు, ఆ కోరిక మన్నించండి. వెబ్‌లో ప్రిఫర్స్-రెడ్యూస్డ్-మోషన్ అనే మీడియా క్వెరీతో తెలుస్తుంది, వాళ్ళకి జారడాలు తీసేసి చిన్న ఫేడ్ పెట్టండి. తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవాళ్ళ కోసం పేజీ మారగానే టైటిల్ మార్చి, ఫోకస్‌ని కొత్త పేజీ శీర్షిక మీదికి తీసుకెళ్ళండి, లేకపోతే అసలు పేజీ మారిన సంగతే వాళ్ళకి తెలియదు.

పరీక్షకి మీ ఖరీదైన ఫోన్ వాడొద్దు. ఆండ్రాయిడ్ డెవలపర్ ఆప్షన్లలో యానిమేటర్ డ్యూరేషన్ స్కేల్‌ని 10 రెట్లు చేస్తే కంటికి ఆనని తప్పులన్నీ బయటపడతాయి. అక్కడే, వదిలి వెళ్ళగానే స్క్రీన్‌ని మూసేసే "డోంట్ కీప్ యాక్టివిటీస్" ఆన్ చేసి, లాటు తెరిచి, వాట్సాప్‌కి వెళ్ళి తిరిగి రండి, అదే లాటు అదే చోట ఉందో లేదో చూడండి. ఆ తర్వాత యాప్‌తో అస్సలు సంబంధం లేని మనిషికి ఇచ్చి "నలభయ్యో లాటు చూసి వెనక్కి రండి" అని మాత్రం చెప్పి పక్కన కూర్చోండి, ఇంకేమీ చెప్పకండి.

గుమాస్తా గారి యాప్‌లో ఆ గిర్రున తిరగడం తీసేశాను. స్క్రోల్ ఎక్కడుందో, ఏ ఫిల్టర్ ఉందో గుర్తుపెట్టుకునేలా చేసి, బ్యాక్ కొట్టగానే చూసి వచ్చిన లాటు మీద ఒక సెకను లేత పసుపు మెరిసేలా పెట్టాను. రెండోసారి తీసుకెళ్ళి ఇస్తే నలభై, నలభై ఒకటి, నలభై రెండు వరసగా చూసుకుంటూ పోయారు. యాభయ్యో లాటు దాటాక తలెత్తి, అప్పుడు చూస్తున్న లాటు రైతుకి ఫోన్ కలపమన్నారు.